గడ్డాల కాలం

కాదమ్మడూ, సమ్మె సంగతి కాదు నేను చెప్పేది. అది యూనియన్ వాళ్ళు ఎప్పుడో చెప్పేసుకున్నారు. నాది గడ్డాల సంగతి. నువ్వు కంగారుపడి గబగబా రాయకు, నేను మెల్లగానే చెబుతాను. ఇంకోలా చెప్పడం నాకు రాదని నీకు తెలుసుగా.

మిల్లు గేటుకి సరిగ్గా ఎదురుగా ఉండేది మా మామగారి కటింగ్ షాపు. మామగారంటే మీ అమ్మమ్మ నాన్న. రెండు కుర్చీలు, గోడంత అద్దం, మూలన నీళ్ళు కాగే చిన్న పొయ్యి, కత్తి పదును పెట్టుకునే తోలుపట్టీ. పెళ్ళయ్యాక రెండో కుర్చీ వెనక నన్ను నిలబెట్టి పని నేర్పారాయన. నాది తేలిక చెయ్యి అని పేరొచ్చింది. "అల్లుడి కత్తి కింద నిద్ర పడుతుందయ్యా" అనేవాళ్ళు మిల్లు వాళ్ళు. ఆ మాటకి మామగారు మీసం కింద నవ్వుకునేవారు.

కానీ ఒక సంగతి ఆయనకి తెలియదు. నాకు మనుషుల మొహాలు గుర్తుండవు.

చూపు బాగానే ఉంది. ఇప్పటికీ సూదిలో దారం నేనే ఎక్కిస్తాను. కళ్ళూ ముక్కూ నోరూ అన్నీ కనపడతాయి. చూస్తున్నంతసేపూ ఉంటాయి. అటు తిరిగి ఇటు తిరిగేసరికి పలక మీద తడిగుడ్డ పెట్టినట్టు చెరిగిపోతాయి. చిన్నప్పుడు బడి వదిలాక ఎవరి అమ్మనో మా అమ్మ అనుకుని చెయ్యి పట్టుకుని సగం దారి నడిచాను. ఆవిడ ఆగి, "ఎవరబ్బాయివిరా నువ్వు?" అంది. వెనకాల పిల్లలందరూ ఒకటే నవ్వు. ఆ రోజునుంచి ఎవరినీ ఎవరని అడక్కుండా బతకడం నేర్చుకున్నాను.

ఎలాగంటావా? నడక బట్టి, గొంతు బట్టి. షాపులో అయితే ఇంకా సులువు. తల వెనక సుడి ఎవరిది వాళ్ళదే. చెవి తమ్మె, మెడ మీద మచ్చ, పాపిడి పక్కన పాత దెబ్బ. మనిషి వచ్చి వెనక్కి వాలితే చాలు, ఎవరో తెలిసేది. వీధిలోకి వెళ్తే మాత్రం నా పని కుడితిలో పడ్డ ఎలుకే. ఎదురుగా ఎవరొస్తున్నా నవ్వీ నవ్వనట్టు ఒక మొహం పెట్టేవాణ్ణి. తెలిసినవాడైతే నవ్వాననుకుంటాడు, తెలియనివాడైతే నవ్వలేదనుకుంటాడు. అయినా ఊరంతా ఒకటే మాట: మామ మంచోడే, అల్లుడికే పొగరు.

ఎండలు ముదిరే రోజుల్లో మిల్లులో గొడవ మొదలైంది. కొత్త మిషన్లు తెస్తున్నారు, మనుషుల్ని తీసేస్తున్నారు. పని ఆపేశారు వీళ్ళు. గేటు మూసేశారు కంపెనీవాళ్ళు. నూలు వడికే హాల్లో పెద్దావిడ ఒకావిడ ఉండేది, అందరూ పెద్దక్క అనేవాళ్ళు. నోరు తెరిచిందంటే మిల్లు కూత కూడా ఆగి వినాల్సిందే. ఆవిడ ఒక నూనె పీపా ఎక్కి నిలబడింది.

"గేటు తెరిచేదాకా మన మగవాళ్ళెవరూ గడ్డం గీయించుకోరు! నున్నటి చెంపతో కనపడ్డవాడు కంపెనీ మనిషే!"

"మరి మా సంగతేంటక్కా?" అంది కింద ఒక అమ్మాయి.

"నీకూ గడ్డం వస్తే నీకూ అంతే," అంది పెద్దక్క. అంత ఎండలోనూ అందరూ నవ్వారు.

మామగారు ఊరుకోలేదు. షాపు మెట్ల మీదికి వచ్చి కత్తి పైకెత్తి, "ఈ గొడవ తేలేదాకా మిల్లు మనిషి గడ్డం మీద మా కత్తి పడదు. ఒట్టు!" అన్నారు. అని నా వైపు తిరిగారు. అందరూ నా వైపే తిరిగారు. తల ఊపాను. ఆయన గుమ్మంలో మనిషి మొహం చూసి వీడు మిల్లువాడు, వీడు బస్సు డ్రైవరు అని చెప్పేస్తారు. నేనేం చూసి చెప్పను?

వారాలు గడిచేకొద్దీ గడ్డాలు పెరిగాయి. గడ్డాలతో పాటు జుట్లూ పెరిగాయి. సుడులు కప్పుకుపోయాయి. చెవులు దాక్కున్నాయి. మెడ మీద మచ్చలన్నీ మాయం. వీధి నిండా ఒకే మనిషి వందమందిగా తిరుగుతున్నట్టుండేది. వాళ్ళేమో గేటు ముందు గంటల తరబడి మాటాపలుకూ లేకుండా కూర్చునేవాళ్ళు, గొంతు విందామన్నా లేదు.

మీ అమ్మమ్మ తమ్ముడు, అంటే నా బావమరిది, మాతోనే ఉండేవాడు. మిల్లులోనే పని, యూనియన్లో కుర్రకారుకి నాయకుడు. ఒక రోజు కుళాయి దగ్గర లైన్లో ఉన్నాను. గడ్డం వాడొకడు వచ్చి నా చేతిలో బకెట్ లాక్కున్నాడు.

"ఎవరండీ? అది మా బకెట్ అండీ," అన్నాను, గట్టిగా పట్టుకుని.

వాడు నా వంక వింతగా చూశాడు. "ఏంటి బావా, ఎండదెబ్బ తగిలిందా?"

గొంతు వినగానే వాడెవడో తెలిసింది. నవ్వేశాను. పొట్ట పట్టుకుని మరీ నవ్వాను, జోకేసినట్టు. వాడూ నవ్వి, "అండీ అంట, అండీ!" అంటూ బకెట్ నింపుకుని వెళ్ళాడు. లైన్లో వాళ్ళూ నవ్వారు. నేను ఇంటికెళ్ళి తలుపు వెనక కాసేపు నిలబడిపోయాను. ఒకే ఇంట్లో తిని పడుకునే మనిషి, అమ్మడూ.

షాపులో మామగారి పక్కనుంచి కదిలేవాణ్ణి కాదు. లోపలికి ఎవరొచ్చినా ముందు ఆయన మొహం చూసేవాణ్ణి. ఆయన "రావయ్యా" అంటే గుడ్డ కప్పేవాణ్ణి. ఆయన ఊరుకుంటే నేనూ ఊరుకునేవాణ్ణి. అలా నెట్టుకొస్తుంటే ఒక పొద్దున ఆయనకి నడుం పట్టేసింది. మంచం దిగలేకపోయారు.

"ఇవాళ షాపు మూసేద్దాం," అన్నాను.

"మూస్తే కంపెనీకి భయపడి మూశారంటారు," అంది మీ అమ్మమ్మ. "తెరువు. నీకేం భయం?"

నాకేం భయమో చెప్పలేక తాళాలు తీసుకుని వెళ్ళాను.

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు మిట్టమధ్యాహ్నం. గేటు ముందు వాళ్ళంతా ఎక్కడ నీడ దొరికితే అక్కడ ఒరిగారు. వీధిలో కుక్క కూడా లేదు. ఒక మనిషి గబుక్కున లోపలికి వచ్చాడు. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు, భుజాన సంచీ ఉంది. కుర్చీలో కూర్చుని చెంప మీద వేలితో గీత గీసి చూపించాడు. మాట లేదు.

"ప్రయాణమా?" అన్నాను.

తల ఊపాడు.

హమ్మయ్య అనుకున్నాను, బస్సు మీద వెళ్ళేవాడు. సబ్బు పూయడం మొదలుపెట్టాను. దవడ కింద, ఎడమ వైపు, శనగగింజంత గట్టి ముడి ఒకటి నా వేలికి తగిలింది. చెయ్యి ఆగిపోయింది. ఈ ముడి నాకు తెలుసు. ఈ దవడని నేను ఇంతకుముందు గీశాను. ఒకసారి కాదు. ఎవరిది? ఎవరిది? తువ్వాలు తీయమని అడగొచ్చు. "ఎవరండీ మీరు?" అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. గొంతుదాకా వచ్చింది. పచ్చి వెలక్కాయలా అక్కడే ఆగింది. ఒకవేళ రోజూ వచ్చేవాడే అయితే? "నన్నే ఎవరంటాడు, వీడికి పొగరు నెత్తికెక్కింది" అని వీధంతా చెబితే? ఆ బడి పిల్లల నవ్వు మళ్ళీ వినపడ్డట్టయింది.

అడగలేదు. గీసేశాను.

గీస్తున్నంతసేపూ ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. సబ్బు పడిందనుకుని గుడ్డతో ఒత్తాను. లేచి అద్దంలో తనని తాను చాలాసేపు చూసుకున్నాడు. నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, వచ్చినట్టే వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర కేకలు. షాపు తలుపు తీస్తూ తిరిగి చూశాను. గేటుకున్న చిన్న తలుపు తెరిచి ఉంది. నున్నటి చెంపల మనిషొకడు, భుజాన సంచీ, తలొంచుకుని లోపలికి నడుస్తున్నాడు. ఇటు జనం ఊగిపోతున్నారు.

"కబుర్ల మేస్త్రీరా! మన కబుర్ల మేస్త్రీ!"

అమ్మడూ, కబుర్ల మేస్త్రీ అంటే వారం వారం నా కుర్చీలో కూర్చుని, కత్తి గొంతు మీద ఉన్నా నోరు ఆపని మనిషి. "ఆగండి మేస్త్రీ, తెగుతుంది" అంటే, "తెగినా మిగతా కథ చెప్పే పోతాను" అనేవాడు. ఆ గొంతు పది అడుగుల దూరంనుంచి పట్టేసేవాణ్ణి. ముందు రోజు నోరు విప్పలేదు కాబట్టే నా కత్తి కిందికి వచ్చి వెళ్ళాడు. ఆయన భార్య మంచాన ఉంది. ఆవిడ మందు మిల్లు ఆసుపత్రిలోనే దొరికేది. సమ్మె చేసేవాళ్ళ ఇళ్ళకి ఆ ఆసుపత్రి తలుపు కూడా మూసేసింది కంపెనీ. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, సమ్మెలో మొదటి మనిషి విరిగాడని.

"ఎవడు గీశాడు వీడికి?"

"ఇంకెవడు? మామ మంచం మీదున్నాడు కదా!"

వచ్చేశారు షాపు మీదికి. అందరికంటే ముందు మా బావమరిది. ఈసారి కేక బట్టి పోల్చుకున్నాను.

"బావా, నువ్వేనా?"

"నేనే. కానీ తెలియలేదురా."

"తెలియలేదా! వారం వారం నీ చెవులు తినేసే మనిషి తెలియలేదా?"

"తేలు కుట్టిన దొంగలా ఎలా నిలబడ్డాడో చూడండ్రా," అన్నారెవరో. "అమ్ముడుపోయాడు." "మనల్ని చూసి మొహం తిప్పుకునేటప్పుడే అనుకున్నాను." "గేటు దగ్గర ఎవరు కూర్చుంటున్నారో కంపెనీకి మోస్తున్నదీ వీడేనేమో!"

ఎవరికని జవాబు చెప్పను? అన్నీ గడ్డాలే. ఏ నోరు ఏ మాట అందో కూడా నాకు తెలియడం లేదు. పెద్దక్క వచ్చి వాళ్ళని ఆపింది. నన్ను మాత్రం ఓదార్చలేదు. "రేపు సాయంత్రం ఇక్కడే, అందరి ముందూ మాట్లాడదాం. నువ్వు చెప్పేది చెప్పుకో. ఆ తర్వాత ఈ షాపు మెట్లు ఎక్కాలా వద్దా అన్నది మేం తేల్చుకుంటాం," అంది.

వాళ్ళు వెళ్ళాక చూస్తే తలుపు మీద సుద్దతో ఏదో రాసి ఉంది. నాకు చదవడం అంతంతమాత్రం. మీ అమ్మమ్మ వచ్చి చదివింది. చదివి పైకి చెప్పలేదు. నేను అడిగితే, "కంపెనీ కత్తి అని రాశారు," అంది.

ఇంట్లో మామగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. అలాగే ఉండి, "నలుగురిలో ఒట్టు వేశాను అల్లుడూ," అన్నారు. తిట్టినా బాగుండేది. బావమరిది తన బట్టలు మూట కట్టుకున్నాడు. "ఈ ఇంట్లో ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి. రేపటి తర్వాత తేలుతుంది," అని అక్కతో చెప్పి వెళ్ళిపోయాడు.

నేను వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెలిసే గీశానంటే ద్రోహి. తెలియక గీశానంటే అబద్ధాలకోరు. మీ అమ్మమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది.

"నిజం చెప్పెయ్యరాదూ?" అంది.

"ఏం నిజం?"

"నీకు మనుషులు గుర్తుండరన్న నిజం."

"ఎవరన్నారు నీకు?" అన్నాను.

"ఒకరు చెప్పాలా? పెళ్ళయిన కొత్తలో మార్కెట్లో నీకు ఎదురొచ్చాను. నన్ను దాటుకుని వెళ్ళిపోయావు. కోపమనుకున్నాను. ఏడ్చాను కూడా. మళ్ళీ అలాగే జరిగింది. అప్పటినుంచి చూస్తూనే ఉన్నాను." కత్తిపీట ఆపకుండానే మాట్లాడుతోంది. "ఎప్పుడూ ఆ పసుపుపచ్చ సంచీయే ఎందుకు పట్టుకెళ్తాననుకున్నావు? చిరిగితే కుట్టుకుని మరీ? దూరంనుంచే 'ఇదిగో, నేను' అని అరుస్తూ ఎందుకొస్తాననుకున్నావు?"

"నీది వాగుడు అలవాటనుకున్నాను."

"అనుకుంటావు మరి!"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"అంత కష్టపడి దాచుకుంటున్నావు. దొరికిపోయావని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

తర్వాత ఆవిడే, తల ఎత్తకుండా, "నా మొహం కూడా గుర్తుండదా?" అని అడిగింది.

అబద్ధం చెప్పాలని చాలా అనిపించింది. "ఎదురుగా ఉన్నంతసేపూ బాగుంటుంది," అన్నాను. "అటు తిరిగితే లేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలు తరుగుతోంది కదా, ఎందుకు తుడుచుకుందో నేను చెప్పలేను. "బాగుంటుందన్నావుగా. అది చాలు," అంది.

మర్నాడు సాయంత్రం షాపు ముందు వీధంతా నిండిపోయింది. మామగారు నడుం పట్టుకుని మరీ వచ్చి మెట్టు మీద కూర్చున్నారు.

"చెప్పు," అంది పెద్దక్క.

"నాకు మొహాలు గుర్తుండవక్కా. పుట్టినప్పటినుంచీ ఇంతే. ఎవరివీ గుర్తుండవు. మేస్త్రీ మాట్లాడలేదు. మాట్లాడితే తెలిసేది."

నవ్వులు మొదలయ్యాయి. అవే నవ్వులు, ఈసారి గడ్డాలున్నవి.

"కందకి లేని దురదని విన్నాను గానీ, కళ్ళున్న గుడ్డితనం ఎక్కడా వినలేదు!" అన్నాడొకడు.

పెద్దక్క నవ్వలేదు. జనంలోంచి ఐదుగురు గడ్డాల వాళ్ళని ఏరి నా ముందు వరసగా నిలబెట్టింది. "ఇందులో మీ బావమరిది ఉన్నాడు. ఒరేయ్, ఎవడూ మాట్లాడొద్దు, చేతులు వెనక్కి పెట్టుకోండి. ఊఁ, వాడెవడో చూపించు."

చూశాను. ఐదు గడ్డాలు. పది కళ్ళు నన్నే చూస్తున్నాయి. నా కళ్ళు అలవాటు కొద్దీ కిందికి జారాయి. మూడోవాడి కాళ్ళకి చెప్పులు. ఎడమ చెప్పు పట్టీకి నల్లదారం కుట్లు. ఆ కుట్లు మీ అమ్మమ్మవి.

ఇప్పుడు ఏం చేయాలి, చెప్పు? వీడే అని చూపిస్తే, గుర్తుపట్టగలిగి కూడా నాటకమాడానని ద్రోహి కింద తేలుస్తారు. చూపించకపోతే గట్టెక్కుతాను, కానీ అది అబద్ధం. మామగారు మెట్టు మీదనుంచి చూస్తున్నారు.

"చెప్పుల్ని బట్టి చెప్పమంటే మూడోవాడు," అన్నాను. "ఆ పట్టీ మా ఆవిడ కుట్టింది. మొహాన్ని బట్టి చెప్పమంటే నాకు ఐదుగురూ ఒకటే."

గోల లేచింది. పెద్దక్క చెయ్యెత్తింది. "నువ్వు గోడవైపు తిరుగు. ఒరేయ్, చెప్పులు తీసి అవతల పారేసి చోట్లు మారండి."

గోడవైపు తిరిగాను. వెనక అడుగుల చప్పుడు, గుసగుసలు. తిరగమన్నాక తిరిగాను. ఐదుగురు. వట్టి కాళ్ళు, అన్నీ దుమ్ము. ఒకడి గడ్డం కొంచెం పైకెత్తి ఉంది. మావాడు అలా నిలబడతాడనిపించింది. ఇంకొకడు ఊపిరి గట్టిగా తీస్తున్నాడు, వాడూ కావచ్చు. నేను జన్మంతా బతికింది ఈ ఊహల మీదే కదమ్మా. నూటికి డెబ్బై సార్లు కలిసొచ్చేవి. చెయ్యి దానంతటదే లేవబోయింది. దించేశాను.

"తెలియదక్కా."

"ఇంకోసారి చూడు."

"ఎన్నిసార్లు చూసినా ఇంతే. తెలియదు."

ఎవరూ నవ్వలేదు. వీధి చివర ఎవరో తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది. అప్పుడు మాట్లాడారొకరు.

"బావా." చివరివాడు. నేను అసలు చూడని వైపువాడు. "ఇక్కడున్నాను, బావా." "ఆ రోజు కుళాయి దగ్గర నన్ను ఎవరండీ అన్నావు. నిజంగానే అడిగావా?"

"నిజంగానే అడిగానురా."

ఇక మొదలయ్యాయి చూడు. "అయితే బస్సులో నా పక్కనే కూర్చుని పలకరించలేదే, అందుకేనా?" అన్నాడొకడు. "మా అన్న పోయినప్పుడు నా బదులు పక్కింటివాణ్ణి ఓదార్చి వెళ్ళాడయ్యా!" అన్నాడు ఇంకొకడు. నేను పొగరు చూపించానన్న సంగతులన్నీ ఒక్కొక్కటే బయటికి లాగి పంచాయతీలో పెట్టారు. నేను అన్నిటికీ అవునంటూనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను గానీ, చెబుతుంటే ఊపిరి కొంచెం కొంచెం ఆడుతున్నట్టే ఉంది.

"ఇన్నేళ్ళుగా పొగరుబోతని నిన్ను నేను తిట్టని రోజు లేదు," అంది పెద్దక్క. "ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎక్కడ పెట్టుకోనయ్యా?" అని, జనం వైపు తిరిగి, "షాపు తెరిచే ఉంటుంది," అంది. మళ్ళీ నా వైపు వేలు చూపించి, "కానీ కుర్చీలో కూర్చున్న ప్రతివాణ్ణీ ఎవరని అడుగు. నోరుంది కదా, అడుగు," అంది.

అందరూ నమ్మారనుకోకు. నమ్మనివాళ్ళు ఆ తర్వాత ఎప్పుడూ మా మెట్లెక్కలేదు. తలుపు మీద సుద్దరాత కడిగినా చాలాకాలం మసకగా కనపడుతూనే ఉండేది.

మామగారు ఇంటికి నడుస్తూ నా భుజం మీద చెయ్యి వేశారు. నడుం నొప్పికి ఆసరా కోసమే వేశారేమో. "ఎవరని అడగడానికి అంత భయమెందుకయ్యా? కత్తికి లేని భయం మాటకా?" అన్నారు.

భయమే మరి. మర్నాడు మొదట వచ్చి కూర్చున్నాయన్ని అడగడం నావల్ల కాలేదు. గుడ్డ కప్పాను, తీశాను, మళ్ళీ కప్పాను. చివరికి "ఎవరండీ?" అన్నాను, పిల్లి కూసినట్టు.

"నేను పక్క షాపు దర్జీనయ్యా! పొద్దున నీకు టీ తెచ్చిచ్చింది ఎవరు మరి?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఏమీ కాలేదు. పైకప్పు కూలలేదు. రెండోవాణ్ణి అడగడం కూడా కష్టమే అయింది. పదోవాణ్ణి అడగడమూ కష్టమే. ఇవాళ్టికీ, అమ్మడూ, కొత్తచోట అడగాలంటే గుండె ఒకసారి దడదడమంటుంది. దడ పోతుందేమోనని చూసి చూసి, దడతోనే అడగడం నేర్చుకున్నాను. నాకు 'ఎవరండీ' అనే పేరే స్థిరపడిపోయింది. "ఎవరండీ షాపుకి వెళ్ళొస్తా" అని ఇళ్ళలో చెప్పేవాళ్ళు. మొదట్లో చురుక్కుమనేది. తర్వాత ఎవరైనా నన్ను అల్లుడని పిలిస్తే, ఎవరిని పిలుస్తున్నారా అని చూసేవాణ్ణి.

మొదటి వానలకి గేటు తెరిచారు. సగం గెలిచారు, సగం ఓడారు. ఆ రోజు మా షాపు ముందు లైను వీధి మలుపుదాకా వెళ్ళింది. గడప దగ్గరే ఒక్కొక్కడూ అరుస్తున్నాడు, "నేను ఫలానా, అద్దకం సెక్షన్!" అని, సైన్యంలో పేరు చెప్పినట్టు. మా బావమరిది వచ్చి, "అండీ, నేనండీ, మీ బావమరిదినండీ, బకెట్ తీసుకెళ్ళినవాణ్ణండీ," అని వంగి దండం పెట్టాడు. గడ్డాల వెంట్రుకలు ఇంత ఎత్తున పడ్డాయి నేల మీద. ఊడ్చి ఊడ్చి మీ అమ్మమ్మ చేతులు పడిపోయాయి.

పొద్దువాలే వేళకి ఒకాయన వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. ఆయన రాగానే లైన్లో మాటలు ఆగిపోయాయి. పక్క కుర్చీలో మామగారి కత్తెర కూడా ఆగింది.

"ఎవరండీ?" అన్నాను.

జవాబు లేదు. నేను ఆగాను. ఇంతకుముందైతే ఆగేవాణ్ణి కాదు.

"నేనే," అన్నాడు.

"నేనే అంటే?"

"మేస్త్రీని."

ఎవరో బయట ఉమ్మారు. ఇంకెవరో, "కుర్చీలోంచి లేపెయ్ వాణ్ణి," అన్నారు. మామగారు తన కత్తెర మళ్ళీ ఆడించడం మొదలుపెట్టారు. నేను గుడ్డ దులిపి కప్పాను.

"ఇంట్లో ఎలా ఉందండీ?"

"లేచి కూర్చుంటోంది."

సబ్బు కలుపుతూ, "కబుర్లు చెప్పండి మేస్త్రీగారూ," అన్నాను. "మీరు మాట్లాడకపోతే మీరెవరో నాకు తెలియదు."

చాలాసేపటికి చెప్పాడు. ఏదో చిన్న సంగతే, ఆసుపత్రి వరండాలో పిల్లి పిల్లల్ని పెట్టిందని. నేను విన్నాను.

అంతేనమ్మా గడ్డాల సంగతి. ఇప్పుడు ఇది ఎందుకు రాయించానో విను, ఇది కూడా రాయి. మొన్న మీ తమ్ముడు వస్తున్నాడంటే బస్టాండుకి నేనే వెళ్ళాను కదా. రాలేదని తిరిగొచ్చేసరికి వాడు ఇంట్లో కూర్చుని ఉన్నాడు. నాతో సరిగ్గా మాట్లాడలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో రోజే వెళ్ళిపోయాడు. ఆఫీసులో అందరూ తనకి పొగరంటున్నారనీ, ఉద్యోగం మానేస్తాననీ మీ అమ్మతో అన్నాడట. నిన్న బస్టాండులో పళ్ళమ్మే ఆవిడ నన్ను ఆపి అడిగింది. "ఏం తాతా, మనవడితో పోట్లాడావా? ఆ రోజు ఇద్దరూ భుజాలు రాసుకుంటూ ఒకర్నొకరు దాటుకుని వెళ్ళిపోయారే?" అంది.

నేను వాణ్ణి చూడలేదు. సరే, నా సంగతి తెలిసిందే. మరి వాడు నన్నెందుకు చూడలేదు?

నాకు తెలియదమ్మా. వాడి బాధ వేరే అయ్యుండొచ్చు. కాకపోతే ఒకసారి ఇది వాడికి చదివి వినిపించు. ఫోనులోనే చదువు, మధ్యలో ఆపకు. చదివాక ఏమీ అడక్కు కూడా. ఈసారి వచ్చేటప్పుడు బస్సు దిగగానే "తాతా!" అని గట్టిగా అరవమను. ఎంతమంది ముసలాళ్ళు తిరిగి చూసినా సిగ్గుపడొద్దను. వాళ్ళలో ఒకణ్ణి నేనే.